చెన్నపురి విద్యుద్రైలు బండి: అది నేర్పు పాఠములు

మన పాఠశాలలో చదువు ముగించుకొని పై చదువులకై చెన్నపురికి బోవు విద్యార్థులు ప్రతి సంవత్సరమును కొందఱు గలరు. వారు అచ్చట మొదటి వారముననే నేర్చుకొనవలసిన విద్య యొకటి కలదు. అది యే కళాశాలయందును బోధింపబడదు. అది నగరపు లోకలు బండి నెక్కి దిగు విద్య. ఇదియు నొక విద్యయా యని కొందఱు నవ్వవచ్చును. కాని క్రిందటి సంవత్సరము మన పూర్వవిద్యార్థి యొకడు, ఈ విద్య తెలియకపోవుటచేత గాక, తెలిసియు నిర్లక్ష్యము చేయుటచేత, కుడిచేయి విఱుగగొట్టుకొని మూడు మాసములు మంచము పట్టెను. వార్షిక పరీక్ష తప్పిపోయెను. అతడు ఎడమచేతితో వంకరటింకరగా వ్రాసిన జాబొకటి మాకు చేరినది. మన బడిపిల్లల కీ సంగతి చెప్పుడని అందు మమ్ము వేడుకొనియున్నాడు. అందుచేతనే ఈ వ్యాసము.

1996వ సంవత్సరము నుండి చెన్నై యని వ్యవహరింపబడుచున్న ఆ నగరమును మన పెద్దలు చెన్నపురి యనియు, చెన్నపట్టణ మనియు బిలిచెడివారు. మేమును ఆ పాతపేరునే వాడెదము.

మార్గము

చెన్నపురి నుండి లోకలు బండ్లు ముఖ్యముగా మూడు దిక్కులకు బోవుచున్నవి. ఉత్తరముగా బోవునది గుమ్మిడిపూండి దాటి మన ఆంధ్రదేశములోని సూళ్లూరుపేట వఱకు వచ్చును. పడమరగా బోవునది అరక్కోణము దిక్కునకు బోవును. దక్షిణముగా, రేవునకు దగ్గఱనున్న బీచి స్టేషను నుండి తాంబరము మీదుగా చెంగల్పట్టు వైపునకు బోవునది మూడవది. వీనిలో బీచి, తాంబరముల నడిమి భాగమును గూర్చియే ఇచ్చట వ్రాయుచున్నాము. ఇది సుమారు 30 కిలోమీటర్ల దూరము. రెండు కొనలను గలుపుకొని 18 స్టేషనులు గలవు.

ఉదయమున తాంబరమునందు బండి యెక్కితి మనుకొందము. ఇచ్చటనే మద్రాసు క్రైస్తవ కళాశాల యున్నది. అది 1837లో స్కాట్లండు మిషనరీ జాన్ ఆండర్సన్ గారు స్థాపించిన చిన్న పాఠశాల నుండి పెరిగినది. వందేండ్లు జార్జిటౌనునందే యుండి, 1937లో తాంబరపు అడవిచోటునకు మార్పబడెను. మన తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు చదివినది ఈ కళాశాలయందే, అది జార్జిటౌనునం దున్న కాలమున.

తాంబరము విడిచిన పిమ్మట క్షయరోగుల ఆరోగ్యాలయమును బట్టి పేరు వచ్చిన శానిటోరియము, క్రోము తోళ్ల కర్మాగారమును బట్టి పేరు వచ్చిన క్రోమ్‌పేట, పల్లావరము, విమానాశ్రయమున కెదురుగా నున్న తిరుశూలము, మీనంబాకము, పళవంతాంగల్ అను స్టేషనులు వరుసగా వచ్చును. అటుపిమ్మట సెయింటు థామస్ మౌంటు. అపొస్తలుడైన తోమాగారు ఈ కొండపై హతసాక్షి యయ్యెనని క్రైస్తవులలో ప్రాచీనమైన వాడుక కలదు. కొండమీద పోర్చుగీసువారు కట్టిన దేవాలయమును, అందు పహ్లవీ లిపి చెక్కిన రాతిసిలువయు నేటికిని జూడవచ్చును.

తరువాత ఇంజనీరింగు కళాశాలగల గిండీ, ఉపాధ్యాయ శిక్షణాలయముగల సైదాపేట, పిమ్మట మాంబళము. మాంబళమున నొకప్పుడు గొప్ప చెఱువుండెడిది. 1920 తరువాత దాని నెండగట్టి, ఆ నేలమీద త్యాగరాయనగరమును నిర్మించిరి. ఆ పేరు సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారిది. అందలి ఉద్యానవనము పానగల్లు రాజాగారి పేరిటిది. ఇరువురును తెలుగువారే. దాని ప్రక్కనున్న కోడంబాకమున పెక్కు సంవత్సరములు తెలుగు చలనచిత్రములు తయారయ్యెడివి. నుంగంబాకము, చేట్పట్టు దాటినచో ఎగ్మూరు. 1908లో తెఱవబడిన ఆ ఎఱ్ఱని కట్టడము దూరదేశపు బండ్లకు స్థానము. తరువాతిది పార్కు స్టేషను. మన దేశమునుండి పోవు బండ్లు నిలుచు సెంట్రలు స్టేషను దీని కెదుటనే యున్నది. పిమ్మట కోట, తుదకు బీచి.

ఇచ్చట చిన్న లెక్క యొకటి. 18 స్టేషనులకు నడుమ 17 ఎడములు. 30 కిలోమీటర్లను 17 చేత భాగింపగా ఒకటిముప్పాతిక కిలోమీటరు వచ్చును. బండి యీ దూరమును ఇంచుమించు ఒక గంటలో బోవును గనుక సగటు వేగము గంటకు 30 కిలోమీటర్లు మాత్రమే. స్టేషనుల నడుమ బండి ఇంతకు రెట్టింపు వేగముతో పరుగెత్తును. అయినను సగటు తగ్గుటకు కారణ మేమి? మాటిమాటికి నిలుచుటయే. నడుమ నిలుచుటకును, నిలిచి మరల వేగ మందుకొనుటకును పట్టు కాలమును దగ్గించిన గాని ఇట్టి బండి ఉపయోగపడదు. అందువలననే దీనికి పొగయింజను పనికిరాక విద్యుత్తు కావలసి వచ్చెను.

చరిత్ర

దక్షిణదేశమున మొదటి పొగబండి 1856వ సంవత్సరము జూలై 1వ తేదీన చెన్నపురిలోని రాయపురము నుండి వాలాజా రోడ్డు వఱకు నడచెను. భారతదేశమున మొదటి విద్యుద్రైలు 1925వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన బొంబాయి విక్టోరియా టెర్మినసు నుండి కుర్లాకు నడచెను. ఆరేండ్ల పిమ్మట, 1931లో, బీచి తాంబరముల నడుమ విద్యుద్రైళ్లు ప్రారంభమయ్యెను. ఇట్లు ఈ విషయమున చెన్నపురి దేశములో రెండవ నగర మయ్యెను.

అప్పటి పట్టాల నడిమి యెడము ఒక మీటరు. తీగలోని విద్యుత్తు 1,500 వోల్టుల ఏకముఖ ప్రవాహము. 1960 తరువాతి పదేండ్లలో దానిని మార్చి 25,000 వోల్టుల పర్యాయ ప్రవాహమును బెట్టిరి. చిన్నపట్టాల లోకలు బండ్లు 2004లో నిలిచిపోయెను. ఇప్పుడు నడచుచున్నవన్నియు 1,676 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాలమీది బండ్లే. వోల్టులు హెచ్చించుటవలన ఒకే శక్తిని తక్కువ ప్రవాహముతో బంపవచ్చును. ప్రవాహము తగ్గినచో తీగయందు వేడిమిగా వ్యర్థమగునదియు తగ్గును. భౌతికశాస్త్రమున మీరు చదువుకొన్న సూత్రమే యిది.

బండి నడచు విధము

ఈ బండికి ముందు ప్రత్యేకముగా నొక యింజను లేదు. పెట్టెలలో కొన్నిటి క్రిందనే మోటారులు అమర్పబడి యున్నవి. ఒక్క ఎద్దు లాగు బండికిని, నాలుగెడ్లు కలిసి లాగు బండికిని గల భేద మిదియే. అనేక చక్రములు ఒక్కమాఱు ఊపందుకొనుటచేత బండి నిలిచిన చోటినుండి త్వరగా కదలును. మఱియు రెండు కొనలయందును నడుపువాని గది యుండుటచేత తుది స్టేషనున యింజనును ద్రిప్పి తగిలింపవలసిన పని లేదు. నడుపువాడు ఈ కొననుండి ఆ కొనకు నడచిపోయిన జాలును.

మోటారు పెట్టెపై మడతలు పడి లేచు చట్ర మొకటి పైతీగను దాకుచుండును. దీనిని పాంటోగ్రాఫు అందురు. తీగను తిన్నగా గాక, ఒక స్తంభమువద్ద కొంచెము కుడికిని మఱియొక స్తంభమువద్ద కొంచెము ఎడమకును లాగి కట్టుదురు. ఏల? తిన్నగా గట్టినచో తీగ చట్రమును ఎల్లప్పుడు నొక్కచోటనే రాచి గాడి చేయును. వంకరగా గట్టినందున అరుగుదల అంతట సమముగా నుండును. తీగనుండి దిగిన విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మరున వోల్టులు తగ్గి, మోటారులను ద్రిప్పి, చక్రములగుండ పట్టాలకు దిగి, విద్యుత్కేంద్రమునకు మరలిపోవును.

తీగమీద కాకి వ్రాలి సుఖముగా నుండును. అది తీగను దప్ప మఱి దేనిని దాకదు గనుక దాని శరీరముగుండ ప్రవాహము సాగుటకు దారి లేదు. బండి కప్పుమీది మనుష్యుని సంగతి యట్లు గాదు. అతని పాదముల క్రింది ఇనుము భూమితో సంబంధము గలది. 25,000 వోల్టుల తీగను అతడు దాకనక్కఱలేదు. మిక్కిలి సమీపించినను విద్యుత్తు గాలిని దాటి అతనిపై దుముకును.

ఎఱ్ఱదీపము

కొలది నిమిషముల కొకటి చొప్పున వచ్చు బండ్లు ఒకదాని నొకటి ఢీకొనకుండ నెట్లు నడచుచున్నవి? మార్గమును చిన్న భాగములుగా విభజించి ప్రతి భాగము మొదటను దీపముల నుంచిరి. పచ్చదీపము సాగుమని చెప్పును. రెండు పసుపుదీపములు హెచ్చరికగా నుండుమని, ఒక్క పసుపుదీపము తరువాతి దీపమువద్ద నిలుచుటకు సిద్ధపడుమని, ఎఱ్ఱదీపము నిలువుమని చెప్పును.

అనేక స్థలములలో నీ దీపములను పట్టాలలో బాఱు స్వల్ప విద్యుత్తే మార్చుచుండును. భాగము ఖాళీగా నున్నప్పుడు ఒక పట్టానుండి వచ్చు విద్యుత్తు చివరనున్న యొక అయస్కాంతమును బలపఱచి పచ్చదీపమునకు దారి యిచ్చును. బండి వచ్చినప్పుడు దాని చక్రములు ఇరుగుసులతో రెండు పట్టాలను గలిపివేయును. విద్యుత్తు అడ్డదారిని బోవును, అయస్కాంతము విడిపోవును, ఎఱ్ఱదీపము వెలుగును. ఇందు ముఖ్యముగా గ్రహింపవలసిన దొకటి కలదు. పట్టా విఱిగినను, తీగ తెగినను అయస్కాంతము విడిపోయి ఎఱ్ఱదీపమే వెలుగును. అనగా ఏది చెడినను బండి నిలుచునట్లు ఏర్పాటు చేయబడినది. సందేహము కలిగినప్పుడు నిలువుము అనుట ఈ యంత్రపు ధర్మము. ఇంతటి జాగ్రత్తతో నిర్మింపబడిన బండిలో, ఆ ధర్మమును బాటింపనివాడు ఒక్కడే: ప్రయాణికుడు.

పెట్టెలోని పొరుగువారు

ఉదయము ఎనిమిది గంటల కీ బండిలో నిలువ జోటు దొఱకుట కష్టము. కచేరీ గుమాస్తాలు, దాదులు, తాపీపనివారు, విద్యార్థులు ఒక్కచోట నుందురు. స్త్రీలకు వేఱు పెట్టెలు గలవు. గంపలతో బోవు వర్తకులకును ప్రత్యేకముగా చోటు కలదు. ఎవరి కులమేదో, ఎవరి ఊరేదో ఎవరును అడుగరు. ఒకరి భుజము నొకరు తాకక తప్పదు. పూర్వము మన పల్లెలలో ఒక బావివద్ద చేరుటకే సమ్మతింపని జనులను ఈ బండి యొక్క బల్లమీద గూర్చుండబెట్టినది. ఇది చిన్న మేలు గాదు.

ఒకనాటి ఉదయమున మేము చూచిన సంగతి చెప్పెదము. గుడ్డివాడైన యొక వృద్ధుడు చేతికఱ్ఱతో పెట్టెలోనికి వచ్చెను. తల యెత్తకుండ చదువుకొనుచున్న యువకులు నలుగురు బల్లమీద నుండిరి. వారిలో నెవరును కదలలేదు. ఎదుటి బల్లపై నున్న కూలిస్త్రీ, ఒడిలో బిడ్డతో సహా లేచి, "ఇక్కడ కూర్చోండి తాతా" యని అరవమున బలికెను. అప్పుడు ఆ నలుగురు ఒక్కమాఱే లేచిరి. మంచి సమరయుని ఉపమానమును మనము ప్రతి సంవత్సరమును వేదపాఠమున జదువుచున్నాము. యెరూషలేమునుండి యెరికోకు బోవు త్రోవ చాల దూరమున నున్నదని తలపవద్దు. అది తాంబరమునుండి బీచికి బోవు త్రోవయే.

టిక్కెట్టు కొనుటయు ఈ పాఠములోనిదే. జనసమ్మర్దమున ఎవరును జూడరని టిక్కెట్టు లేకుండ ఎక్కువాడు తన ప్రక్కనున్న కూలివాని సొమ్ముతో ప్రయాణము చేయుచున్నాడు. నెలటిక్కెట్టు కొన్నచో దినదినము కొనుటకంటె మిక్కిలి చౌక. తలిదండ్రులు పిల్లలకు పంపు సొమ్ములో దీనిని మొదట లెక్కించి పంపవలెను.

వాకిలి

ఇక మన పూర్వవిద్యార్థి సంగతి. ఈ లోకలు బండ్లలో పెక్కింటి వాకిండ్లు తెఱచియే యుండును. 2025వ సంవత్సరము ఏప్రిలు నెలలో ఈ మార్గమున ప్రవేశపెట్టబడిన శీతల బండికి మాత్రము తమంతట మూసికొను తలుపులు గలవు. మన విద్యార్థి ఆనాడు కళాశాలకు ఆలస్యమగునని వాకిట నిలిచి, బండి స్టేషనులో బ్రవేశించి ఇంకను కదలుచుండగనే దిగెను. పుస్తకముల సంచి చేతనుండెను. వెంటనే ముందునకు బోరగిలబడెను.

ఎందుకు ముందునకే పడవలెను? బండి అప్పుడు గంటకు 15 కిలోమీటర్ల వేగముతో బోవుచున్న దనుకొందము. అనగా సెకనునకు నాలుగు మీటర్లకు కొంచెము హెచ్చు. బండిలోని మనుష్యుడును అదే వేగముతో బోవుచున్నాడు. అతని పాదములు నేలను దాకినంతనే నిలిచిపోవును. కాని నడుము, తల, చేతిసంచి సెకనునకు నాలుగు మీటర్ల వేగముతో ముందునకు బోవుచునే యుండును. కదలు వస్తువును మఱియొక బలము నిలుపువఱకు అది కదలుచునే యుండునని న్యూటను పండితుడు చెప్పిన నియమ మిదియే. ఆ నియమమును పరీక్షలో వ్రాసి మంచి మార్కులు పొందిన బాలుడే దానిని చేతియెముకతో మరల నేర్చుకొనెను.

ఇంకొక లెక్క. బండి ఆగునప్పుడు దాని వేగము సెకనునకు 0.8 మీటరు చొప్పున తగ్గుచుండె ననుకొన్నచో, 15 కిలోమీటర్ల వేగమునుండి పూర్తిగా నిలుచుటకు ఐదు సెకనులకు కొంచెము హెచ్చు పట్టును. కావున అతడు మిగుల్చుకొన దలచిన కాలము ఐదు సెకనులు. పోగొట్టుకొన్నది ఒక సంవత్సరము.

వాకిట వ్రేలాడుట ఇంతకంటెను భయంకరము. గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా సెకనునకు 16 మీటర్లకు పైబడును. 20 మీటర్ల దూరమున నొక స్తంభము కనబడినచో తల లోపలికి దీసికొనుటకు గల వ్యవధి ఒకటింబాతిక సెకనైనను లేదు. తల వెనుకకు ద్రిప్పి స్నేహితునితో మాటలాడువానికి ఆ వ్యవధియు లేదు. ఆ వేగముతో స్తంభమును దాకుట, 14 మీటర్ల యెత్తునుండి, అనగా నాలుగంతస్తుల మేడమీదినుండి, నేలపై బడుటతో సమానము. లెక్క తెలిసిన పెద్ద తరగతులవారు స్వయముగా కట్టి చూచుకొనవచ్చును.

"మేము దినమును ఇట్లే పోవుచున్నాము, మాకేమియు గాలేదు" అని కొందఱు యువకు లందురు. వారికి ప్రత్యుత్తరముగా జరిగిన సంగతి నొకదానిని జెప్పవలసియున్నది. 2018వ సంవత్సరము జూలై 24వ తేదీ ఉదయమున పైతీగ చెడిపోయినందున లోకలు బండ్లను తమ మార్గమునుండి దూరప్రయాణపు బండ్ల మార్గమునకు మరలించిరి. సెయింటు థామస్ మౌంటు స్టేషనున ఆ మార్గము ప్రక్కగా గోడ యుండెను. అలవాటు చొప్పున మెట్లమీద వ్రేలాడుచున్నవారు దానిని దాకి పడిరి. కొందఱు ప్రాణములు గోల్పోయిరి, మఱికొందఱు గాయపడిరి. వారు దినదినము పోవు మార్గమున ఆ గోడ లేదు. ఆ దినమున మార్గము మాఱినది, అలవాటు మాఱలేదు. నిన్న కీడు కలుగలేదు గనుక నేడును కలుగదనుట తర్కము గాదు. నిన్నటి క్షేమము నిన్నటి మార్గమునకు మాత్రమే సాక్ష్యము.

ఇంకొక వైపున న్యాయముగా నొక మాట చెప్పవలెను. వాకిట వ్రేలాడువా రందఱును ఆటకై వ్రేలాడుట లేదు. ఆలస్యమైనచో కూలి పోవునని భయపడి, లోపల చోటులేక నిలుచువారు పెక్కురు. బండ్లు హెచ్చించుటయు, వాకిండ్లకు తలుపులు పెట్టుటయు ప్రభుత్వము చేయవలసిన పని. పదినిమిషములు ముందుగా ఇల్లు విడుచుటయు, క్రిక్కిఱిసిన బండిని విడిచి తరువాతి బండికై నిలుచుటయు మనము చేయవలసిన పని. మొదటిది జరుగువఱకు రెండవదానిని వాయిదా వేయరాదు.

ముగింపు

ఇక విద్యార్థులు జ్ఞాపక ముంచుకొనవలసిన సంగతులు కొన్ని. బండి పూర్తిగా నిలిచినగాని ఎక్కరాదు, దిగరాదు. ముందు దిగువారికి దారి యిచ్చి పిమ్మట నెక్కవలెను. పట్టాలను దాటుటకు వంతెననో, సొరంగమార్గమునో ఉపయోగింపవలెను; విద్యుద్రైలు పొగబండివలె దూరమునుండి చప్పుడు చేయుచు రాదు. చెవిలో పాటల తీగ పెట్టుకొని పట్టాలవద్ద నడువరాదు. వృద్ధులకును, గర్భిణీస్త్రీలకును, బిడ్డల తల్లులకును అడుగకముందే చోటీయవలెను.

తలిదండ్రులకును మా మనవి యొకటి కలదు. దూరపు నగరముననున్న పిల్లవాడు ఒకదినము తరగతికి ఆలస్యముగా బోయెనని వినినచో కోపగింపకుడు. ఆలస్యముగా నైనను చేరినందుకు సంతసింపుడు. మా విద్యార్థి ఆనాడు త్వరపడినది తండ్రిగారికి జడిసియేనని తన జాబులో వ్రాసియున్నాడు. ఆ జాబును తండ్రిగారికి మేము చూపితిమి. వారు చదివి, చాలసేపు మాటలాడక, దానిని మడచి జేబులో నుంచుకొనిరి.

ఆ బాలుడు ఈ సంవత్సరము మరల కళాశాలకు బోవుచున్నాడు. ఏడు గంటల బండికే పోవుచున్నానని, అందు కూర్చుండుటకు చోటు దొఱకుచున్నదని, ఆ గంటసేపు పాఠము చదువుకొనుచున్నానని వ్రాసినాడు. ఈసారి జాబు కుడిచేతి వ్రాత.